చిట్టా వేరు, ఆవర్జా వేరు: ఆందోళనకు పద్దు రాసుకోవడం గురించి

(గ్రంథాలయ వారోత్సవాలలో ఒక సాయంత్రం శాఖా గ్రంథాలయంలో జరిగిన ప్రసంగానికి ఇది అక్షరరూపం. వక్త కళాశాలల్లో మానసిక సలహాదారుగా పనిచేసి విరమించినవారు. రానివారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు విని టైపు చేశాము. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.)

నమస్కారం. గ్రంథాలయాధికారి గారు నన్ను పిలిచినప్పుడు "ఆందోళనను జయించడం ఎలా" అనే అంశం మీద మాట్లాడమన్నారు. నేను ఆ అంశానికి ఒప్పుకోలేదు. జయించడం సంగతి తరువాత చూద్దాము, అసలు అది మనలో ఎప్పుడు మొదలవుతోందో, దేని వెంట వస్తోందో మనకు తెలుసా? తెలుసుననే అనుకుంటాము. విద్యార్థులతోను, వారి తల్లిదండ్రులతోను, ఉద్యోగులతోను ముప్పై ఏళ్లకు పైగా కూర్చుని మాట్లాడిన అనుభవంతో చెబుతున్నాను. తమ ఆందోళనకు కారణం ఇదేనని మొదటి రోజునే గట్టిగా చెప్పినవారిలో చాలామంది, మూడు వారాలు పద్దు రాసిన తరువాత ఆ కారణాన్ని తామే మార్చుకున్నారు. అందుచేత ఈ సాయంత్రం నేను ఒక్క పని గురించే మాట్లాడతాను. పద్దు రాసుకోవడం. అంతే.

మా నాన్నగారు గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టులో గుమాస్తాగా పనిచేశారు. మీలో వ్యాపార కుటుంబాలవారు ఉన్నారు కనుక వారికి నేను చెప్పనక్కరలేదు, చిట్టా వేరు, ఆవర్జా వేరు. ఏ రోజు జరిగినది ఆ రోజు, జరిగిన వరుసలో, జరిగినది జరిగినట్లు రాసేది చిట్టా. ఆ పద్దులనే తరువాత తీరికగా విడదీసి ఎవరి ఖాతాకు వారికి ఎక్కించేది ఆవర్జా. నాన్నగారు చిట్టా రాస్తుండగా పక్కన కూర్చుని, "ఈయన బాకీ తీరుస్తాడా నాన్నా?" అని అడిగితే, "చిట్టా దగ్గర ఆ మాట ఎత్తకు, ఆవర్జా తీసినప్పుడు అడుగు" అనేవారు. చిన్నతనంలో నాకది విసుగ్గా ఉండేది. తరువాత మనస్తత్వశాస్త్రం చదువుకుంటూ, ఫిలడెల్ఫియాలో పనిచేసిన మనోవైద్యుడు ఆరన్ బెక్ తన దగ్గరకు వచ్చేవారి చేత సందర్భాన్ని ఒక గడిలో, ఆ క్షణాన మనసులో మెదిలిన ఆలోచనను ఇంకొక గడిలో, కలిగిన భావాన్ని వేరొక గడిలో రాయించేవారని చదివినప్పుడు, నాకు ముందు గుర్తుకు వచ్చినది నాన్నగారి చిట్టాయే. బెక్ 1921లో పుట్టి, నూరేళ్లు నిండిన తరువాత 2021లో కన్నుమూశారు. ఆయన పద్ధతిలో ఆలోచనను అక్కడికక్కడే తర్కించి చూసే గడి కూడా ఒకటి ఉంటుంది. నేను మాత్రం, ఇది నా అలవాటు అనుకోండి, ఆ తర్కాన్ని ఆవర్జాకు వాయిదా వేయిస్తాను. గుండె దడదడలాడుతున్న మనిషిని న్యాయం చెప్పమంటే ఏం చెబుతాడు?

ఇక్కడ ఒక ప్రశ్న. జ్ఞాపకం ఉండగా రాయడం ఎందుకు? ఎందుకంటే జ్ఞాపకం ఆవర్జా వంటిదే కానీ చిట్టా వంటిది కాదు. అది ముందే ఖాతాలు తెరిచి పెట్టుకుని ఉంటుంది. "మా అత్తగారు" అని ఒక ఖాతా, "పరీక్షలు" అని ఒక ఖాతా, "ఆఫీసు" అని ఒక ఖాతా. ఏది జరిగినా తీసుకువెళ్లి ఆ మూడింటిలో ఒకదానిలో వేసేస్తుంది. శనివారం నాడు కూర్చుని వారమంతా ఎలా గడిచిందని తలచుకుంటే మనకు గుర్తుండేది బాగా ఎక్కువగా దడ పుట్టిన ఒక ఘడియ, నిన్నటి సంగతి. మధ్యలో మంగళవారం మధ్యాహ్నం హాయిగా గడిచిన నాలుగు గంటలు ఎక్కడా ఉండవు. అవి లేకుండా లెక్క ఎలా తేలుతుంది?

రాయడానికి ముందు మాట సరిచూసుకోవాలి. మా దగ్గర పద్దు రాసేవారికి ఒక నిషేధం ఉండేది. "టెన్షన్" అనే మాట రాయకూడదు. నవ్వుతున్నారు కానీ ఆలోచించండి. మన ఇళ్లలో ఎన్ని మాటలు ఉండేవి! గాబరా, కంగారు, ఆదుర్దా, బెంగ, దిగులు, హడలు. ఇవన్నీ ఒకటేనా? దూరంగా ఉన్న మనిషి కోసం పెట్టుకునేది బెంగ. రావలసిన కబురు రానప్పుడు పడేది ఆదుర్దా. చేతిలో పని తెమలనప్పుడు వచ్చేది కంగారు. ఒళ్లే ముందుగా అదిరిపోతే అది గాబరా. కారణం తేలకుండా కడుపులో కూర్చుని కదలనిది దిగులు. ఒకావిడ తన పుస్తకంలో వారం రోజులు "టెన్షన్, టెన్షన్" అని రాసి తెచ్చారు. వాటిని కొట్టివేయకుండా, పక్కన తెలుగు మాట వేయమన్నాను. పదకొండింటిలో ఏడు కంగారులు తేలాయి, అన్నీ ఉదయం ఏడున్నరకు, పిల్లల బస్సు వేళకు. కంగారుకు మందు వేరు, బెంగకు మందు వేరు. కంగారుకైతే రాత్రే డబ్బాలు, యూనిఫారాలు సర్దిపెట్టుకోవడం మందు. బెంగకు ఆ సర్దుడు ఏం పనిచేస్తుంది?

ఒంటి సంగతి కూడా రెండు మాటల్లో చెప్పి వదిలేస్తాను. హార్వర్డులో పనిచేసిన శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్, ఆపద ఎదురైనప్పుడు జంతువు శరీరం పోరాడడానికో పారిపోవడానికో సిద్ధమయ్యే తీరును 1915లో వివరించారు. ఎడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, శ్వాస పైపైన ఆడుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది, అరచేతులకు చెమట పడుతుంది. కడుపులో దేవినట్లుంది, గొంతు తడారిపోయింది, గుండె ఝల్లుమంది అని మనం చెప్పుకునేవన్నీ ఈ సన్నాహంలో భాగమే. దీనిలో ఒక చిక్కు ఉంది. ఇదే దడ రెండు పెద్ద గ్లాసుల కాఫీ తాగినా వస్తుంది, పొద్దున టిఫిను మానేసినా వస్తుంది, నిద్ర చాలకపోయినా వస్తుంది, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తున్నా వస్తుంది, ఉబ్బసానికి పీల్చే కొన్ని మందుల వల్ల కూడా వస్తుంది. ఒళ్లు దడ పుట్టిస్తే, దానికొక కారణం కావాలి కనుక, మనసు దగ్గరలో ఉన్న మనిషినో పనినో పట్టుకుని ఆ దడను అతని ఖాతాలో వేసేస్తుంది. పాపం, ఆ మనిషికి ఏమీ తెలియదు.

ఇప్పుడు పుస్తకం సంగతి. పది రూపాయల జేబు పుస్తకం చాలు, ఫోనులో రాసుకున్నా తప్పు లేదు. కాగితమే మంచిదని నేను అనుకుంటాను, ఎందుకంటే ఫోను తెరిచినవారు పద్దు రాసే లోపు ఇంకొక నాలుగు సందేశాలు చూసి కొత్త గాబరా తెచ్చుకుంటారు. ఒక్కొక్క పద్దుకు ఒక వరుస. మొదట వేళ, గడియారం చూసి. తరువాత చోటు, అక్కడ ఎవరున్నారు, ఏం చేస్తున్నాను. తరువాత ఒంట్లో ఏమైంది. తరువాత మనసులో పలికిన మాట, అది పలికినట్లే, కొటేషన్ గుర్తులలో. "నాకు భవిష్యత్తు గురించి ఆందోళన కలిగింది" అని రాయకండి, అది వ్యాసం. "ఫీజు కట్టలేకపోతే?" అని పలికితే అదే రాయండి. తరువాత సున్న నుంచి పది వరకు ఒక అంకె. జోసెఫ్ వోల్పే అనే వైద్యుడు ఇటువంటి కొలబద్దను సున్న నుంచి వంద వరకు పెట్టారు, మనకు పది చాలు. చివర, తరువాత నేను ఏం చేశాను. రోజు పేజీ పైన ఒక వరుసలో ఎన్ని గంటలు పడుకున్నాను, ఎన్ని కాఫీలు, టీలు, ఏ పూట భోజనం తప్పింది. ఆడవారైతే నెలసరి ఎన్నో రోజు. మొత్తం ఒక్కొక్క పద్దుకు నిమిషం మించకూడదు. నిమిషం మించితే మీరు చిట్టా రాయడం లేదు, కథ రాస్తున్నారు.

ఇంతవరకు అందరూ చేస్తారు. ఎవరూ చేయనిది ఇంకొకటి ఉంది, దాని మీద నేను కొంచెం ఎక్కువసేపు నిలబడతాను. దడ పుట్టినప్పుడు మాత్రమే రాస్తే ఆ పుస్తకం పనికిరాదు. మళ్లీ చెబుతున్నాను, దడ పుట్టినప్పుడు మాత్రమే రాస్తే పనికిరాదు. బేరం జరగని రోజున కూడా నాన్నగారు తేదీ వేసి, "లావాదేవీలు లేవు" అని రాసి గీత కొట్టేవారు. అలాగే రోజుకు మూడు వేళలు ముందే నిర్ణయించుకోవాలి. పదింటికి, మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి అనుకోండి. ఆ వేళకు ఎలా ఉంటే అలా ఒక పద్దు వేయాలి. "3 గంటలు, వంటింట్లో, ఒళ్లు తేలికగా ఉంది, ఒకటి" అని రాసినా పద్దే. ఎందుకు? ఒక బ్యాంకు ఉద్యోగి సంగతి చెబుతాను. గుర్తు తెలియకుండా వివరాలు మార్చాను, ఒకరిద్దరి అనుభవాలను కలిపాను కూడా.

ఆయన నా దగ్గరకు వచ్చి, మేనేజరు గారి గదిలోకి వెళ్లాలంటే గుండె దడ అన్నారు. బదిలీ అడుగుదామనుకుంటున్నానన్నారు. మూడు వారాలు రాయించాను. అంకె ఆరు దాటిన పద్దులు పద్నాలుగు. నిజమే, వాటిలో పన్నెండింటిలో మేనేజరు ఉన్నారు. ఇంతటితో ఆపితే మేనేజరే దోషి. కానీ అంకె రెండు దాటని ప్రశాంతమైన పద్దులలో కూడా మేనేజరు ఉన్నారు! రోజుకు నాలుగుసార్లు వెళ్లే గది కనుక ఆయన అన్నిటిలోను ఉంటారు. దోషి పద్దులలో ఉండి ప్రశాంతమైన పద్దులలో లేనిది ఏమిటని వెదికితే రెండు సంగతులు తేలాయి. ప్యాసింజరు బండి అందుకోవడానికి టిఫిను మానేసిన రోజులు, పదకొండు లోపు రెండు కాఫీలు తాగిన రోజులు. పద్నాలుగింటిలో తొమ్మిది పదకొండున్నరకు, ఒంటిగంటకు మధ్యవి. కాఫీలోని కెఫీను సగం తరగడానికి పెద్దవారిలో సుమారు అయిదు గంటలు పడుతుంది, ఆకలి కడుపు మీద అది మరింత వేగంగా ఎక్కుతుంది. ఆయన ఇంటి నుంచి నాలుగు ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుని బండిలో తినడం మొదలుపెట్టారు. తొమ్మిదీ పోయాయా? పోలేదు, తగ్గాయి. మిగిలిన అయిదు మాత్రం కదలలేదు, అవి నెలాఖరులో వసూళ్ల లెక్క అడిగే రోజులవి. ఆ అయిదింటిలో మేనేజరుకు నిజంగానే పాత్ర ఉంది. దానికి ఇడ్లీలు చాలవు, మాట్లాడవలసి వచ్చింది. కానీ పద్నాలుగుతో బదిలీ అడగడం వేరు, అయిదుతో మాట్లాడడం వేరు కదా.

మైకు ఆగినట్లుంది. వెనక వరుసలో వినిపిస్తోందా మాస్టారూ? సరే, కొంచెం గట్టిగానే చెబుతాను.

ఇంకొక అమ్మ గారి పద్దు. అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం. సాయంత్రం ఆరున్నర అయితే చాలు ఆమెకు ఊపిరి ఆడదు. అబ్బాయి ఆ వేళకు కారులో ఆఫీసుకు బయలుదేరుతూ ఫోను చేస్తాడు, ఒక్కొక్క రోజు చేయడు. "వాడు ఫోను చేయని రోజున నాకిలా అవుతుంది" అన్నారు ఆమె. రాయించాను. రెండు వారాల తరువాత పుస్తకం ముందేసుకుని ఇద్దరం చూశాము. ఫోను రాని రోజున ఆమె అంకె నాలుగు, అయిదు. ఫోను వచ్చిన రోజులలో కొన్నిటిలో ఎనిమిది! ఆమె నమ్మలేదు, తన చేతిరాతే అయినా నమ్మలేదు. ఆ ఎనిమిదుల పైన ఏముందో చూడమన్నాను. ప్రతి ఎనిమిదికి గంట ముందు ఒక పద్దు ఉంది: "5.20, పార్కు, నడక." పార్కులో నడిచేటప్పుడు స్నేహితురాలు ఒకామె రోజు విడిచి రోజు అడుగుతారు, "మీ వాడికి గ్రీన్ కార్డు వచ్చిందా వదినా?" అని. ఆ ప్రశ్న మోసుకుని ఇంటికి వచ్చి, ఫోను మోగగానే ఈమె అదే ప్రశ్న అబ్బాయిని అడుగుతారు, అబ్బాయి విసుక్కుంటాడు, ఈమె రాత్రంతా మేలుకుంటారు. చూడండి, మనమంతా ఎంత ప్రేమగా అడుగుతాము ఇటువంటి ప్రశ్నలు! ఈ గదిలో కూర్చున్నవారిలో అడగనివారు ఎవరైనా ఉన్నారా? నేనూ అడిగాను. ఆ అమ్మ గారు నడక మానలేదు, స్నేహితురాలినీ మానలేదు. "వాడి సంగతులు వాడే చెబుతాడు వదినా, మీ మోకాలు ఎలా ఉంది?" అని ఒక మాట సిద్ధం చేసుకున్నారు. ఆదుర్దా అనుకున్నది ఆదుర్దా కాదు, అది మరొకరి ప్రశ్నకు జవాబు లేదన్న చిన్నతనం. చిట్టా లేకపోతే అది తేలేదా?

చివరి గడిని, అంటే "తరువాత ఏం చేశాను" అన్నదానిని, చాలామంది ఖాళీగా వదిలేస్తారు. సిగ్గు పడతారు. పెళ్లికి వెళ్లలేదు, ఫోను ఎత్తలేదు, కడుపునొప్పి అని చెప్పి ప్రజెంటేషన్ తప్పించుకున్నాను, ఇవి రాయడానికి చేయి రాదు. కానీ అసలు లెక్క అక్కడే ఉంది. తప్పించుకోగానే అంకె ఎనిమిది నుంచి రెండుకు పడిపోతుంది. హాయిగా ఉంటుంది. అది జమలాగ కనిపిస్తుంది కానీ అప్పు. ఆ హాయిని ఒంటికి రుచి చూపించాము కనుక రెండవసారి ఆ పని ఎదురైనప్పుడు ఇంకా తొందరగా తప్పించుకోబుద్ధి అవుతుంది. వడ్డీ పెరుగుతుంది. ఇంటర్ చదివే ఒక అబ్బాయి వారాంతపు పరీక్షకు ముందు రోజు కడుపునొప్పితో ఇంటికి వెళ్లిపోయేవాడు. పద్దు చూస్తే పరీక్ష హాలులో అతని అంకె మూడు. ఎనిమిది వచ్చినది ర్యాంకుల జాబితా తండ్రి వాట్సాప్‌కు చేరే రోజున. పరీక్ష రాయకపోతే జాబితాలో పేరుండదు, అంతే అతని గణితం. మేము పరీక్ష గురించి కాక తండ్రిగారితో ఆ జాబితా గురించి మాట్లాడాము.

ఆవర్జా వారానికి ఒకసారి. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసిన తరువాత ఇరవై నిమిషాలు. అంకె ఆరు దాటిన పద్దులకు ఎర్ర సిరాతో చుక్క పెట్టండి, రెండు లోపు ఉన్నవాటికి ఆకుపచ్చ చుక్క. అప్పుడు ఎర్ర చుక్కలన్నిటికీ గంట, రెండు గంటల ముందు ఏముందో వెనక్కి చదవండి. దడ పుట్టిన నిమిషం కాదు, దానికి ముందు గంట. ఏది ఎర్రవాటిలో ఉండి ఆకుపచ్చవాటిలో లేదో దానికి ఒక ఖాతా తెరవండి. మొదటి వారం ఏమీ తేలదు, తేలకపోతే తేలలేదని రాయండి. రెండవ వారానికి ఒకటో రెండో అనుమానాలు వస్తాయి. మూడవ వారంలో ఆ అనుమానాన్ని పరీక్షించండి, ఒక్కటే మార్చి చూడండి. కాఫీ తగ్గించి, నడక మొదలుపెట్టి, ఉద్యోగానికి సెలవు పెట్టి, మూడూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎవరికి తెలుస్తుంది?

కొందరు ఈ పని చేయకూడదు. అది కూడా చెప్పకపోతే నేను తప్పు చేసినవాడినవుతాను. గంటకోసారి నాడి చూసుకునేవారు, చేతి గడియారంలో గుండె వేగం చూసి చూసి భయపడేవారు, తలుపు గడియ వేశానో లేదోనని పదిసార్లు వెళ్లి చూసుకునేవారు ఒంటరిగా ఈ పుస్తకం మొదలుపెట్టవద్దు, వారికి పద్దు కూడా తడిమి చూసుకునే ఇంకొక గడియ అవుతుంది. నిపుణుల సాయంతో రాయాలి. మొదటి వారం పద్దు రాయడం వల్లనే అంకెలు కొంచెం మారవచ్చు, చాలామందికి తగ్గుతాయి, ఎవరికైనా పెరుగుతూ పోతే ఆపేయండి. ఛాతీలో నొప్పి మొదటిసారి వచ్చినప్పుడు పుస్తకం తీయకండి, ఆసుపత్రికి వెళ్లండి. గాబరా ఉప్పెన సాధారణంగా పది నిమిషాల లోపే శిఖరానికి చేరి దిగుతుంది కానీ, అది గాబరాయో గుండె జబ్బో తేల్చవలసినది వైద్యుడు, మీరు కాదు, నేనూ కాదు. రెండు వారాలుగా దాదాపు రోజూ ఇదే బాధ ఉంటే, జీఏడీ-7 అని 2006లో తయారైన ఏడు ప్రశ్నల పత్రం ఒకటి ఉంది, వైద్యుల దగ్గర అడిగితే ఇస్తారు. ఇరవై ఒకటికి పది గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే తప్పక చూపించుకోవాలి. బతకాలని లేదన్న మాట మనసులో పలికితే దానిని గడిలో రాసి ఊరుకోకండి, వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కు ఫోను చేయండి. అది టెలిమానస్, 2022 అక్టోబరు 10న ప్రభుత్వం ప్రారంభించినది, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు.

ముందు వరుసలో అమ్మాయి చీటీ పంపింది: "పుస్తకం ఇంట్లోవాళ్లు చదివితే?" మంచి ప్రశ్న, ఉమ్మడి కుటుంబంలో ఇది మొదటి ప్రశ్న కావలసింది. పేర్లు రాయకమ్మా. నాన్నగారి కొట్టులో కూడా కొందరు రైతులకు గుర్తులే ఉండేవి, పేర్లు ఉండేవి కావు. అత్తగారికి చుక్క, భర్తకు గీత, నీ ఇష్టం. బజారు లెక్కల పుస్తకం వెనక పేజీల నుంచి తిరగేసి రాసినవారు నాకు తెలుసు, దానిని ఎవరూ తెరిచి చూడరు.

ఎన్నాళ్లు రాయాలని ఇంకొకరు అడిగారు. మూడు వారాలు, మహా అయితే నాలుగు. జీవితాంతం రాయకండి. మళ్లీ ఎప్పుడైనా కొత్తగా దడ మొదలైతే ఆ పుస్తకం అప్పుడు తీయండి.

నేను నాలుగేళ్ల తరువాత ఈ రోజే తీశాను. చాలా కాలంగా వేదిక ఎక్కలేదు కనుక. ఒక పద్దు చదువుతాను: "5.25, గ్రంథాలయం మెట్లు, ఎవరూ పలకరించలేదు. అరచేతుల్లో చెమట, గొంతు తడారింది. 'మైకు ఆగిపోతే?' అయిదు. తరువాత: మంచినీళ్లు తాగి లోపలికి వచ్చాను." ఇప్పుడు దీని కింద రెండవది రాస్తున్నాను. 6.40, అదే గ్రంథాలయం, మీరందరూ ఉన్నారు. మైకు రెండుసార్లు ఆగింది. అంకె రెండు. ప్రశ్నలు ఇంకా ఉంటే అడగండి.